వయ్యారిభామ - చర్మపు వాపు: ఒంటిలోని కావలి కణాలు పంపుకునే కబుర్లు

తొలకరి వానలు పడి నెల తిరిగేసరికి బీడు భూముల్లో, రోడ్ల అంచుల్లో, కాలువ గట్లపైన తెల్లని చిన్న పూలతో గుబురుగా పెరిగే మొక్క ఒకటి మనందరికీ తెలిసినదే. దానినే వయ్యారిభామ అనీ, కాంగ్రెసు గడ్డి అనీ పిలుస్తాము. శాస్త్రజ్ఞులు దీనిని పార్థీనియం అంటారు. హైదరాబాదు నగరంలో యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ బస్తీల నుండి జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్ వరకు ఖాళీగా పడి ఉన్న ఇళ్ల స్థలాలలో మొలిచేది ఈ మొక్కే. మన పల్లెల్లో పాల సేకరణ కేంద్రం వెనుక పెరట్లో మొలిచేదీ ఇదే. పాలు కొనేవారి వాకిట్లోనూ, పాలు పోసేవారి పొలంలోనూ ఒకే శత్రువు కాపురం పెట్టిందన్నమాట.

ఈ మొక్క వలన మేత తగ్గుతుందని సభ్యులకు తెలుసు. కాని ఇది కొందరి చర్మాన్ని ఎందుకు పాడుచేస్తుంది? పక్కనే పనిచేసే మరొకరిని ఎందుకు ముట్టుకోదు? సంవత్సరాల తరబడి ఏమీ కాని మనిషికి ఒక ఏడాది హఠాత్తుగా ముఖమంతా వాచి, దురదతో నిద్ర కరువవుతుంది. ఎందువలన? ఈ ప్రశ్నలకు సమాధానం మొక్కలో సగం ఉన్నది, మన ఒంట్లో సగం ఉన్నది. ఆ రెండవ సగాన్ని తెలుసుకొనడమే ఈ పాఠం ఉద్దేశ్యం. ఇది కేవలం విజ్ఞానం కోసం కాదు. ఈ సంగతి తెలియక అనవసరపు మందులు వాడి ఒళ్లు చెడగొట్టుకునేవారు ఉన్నారు. అంటురోగమని భయపడి, చర్మం నల్లబడిన సభ్యుని పాలను వద్దనేవారూ ఉన్నారు.

మొక్క ఎక్కడిది?

వయ్యారిభామ మన దేశపు మొక్క కాదు. దీని పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతం. మన దేశంలో 1955లో పూనా పరిసరాలలో దీనిని గుర్తించి, మరుసటి ఏడాది ప్రకటించారు. ఆ రోజుల్లో అమెరికా నుండి దిగుమతి అయిన గోధుమలలో దీని విత్తనాలు కలిసి వచ్చి ఉంటాయని చాలామంది అభిప్రాయం. ఒక్కొక్క మొక్క వేల సంఖ్యలో విత్తనాలు రాలుస్తుంది. విత్తనం చాలా తేలిక. గాలికి, వాన నీటికి, లారీ చక్రాలకు, పశువుల గిట్టలకు అంటుకొని ఎంత దూరమైనా పోతుంది. అందుకే కొద్ది దశాబ్దాలలోనే దేశమంతా అల్లుకున్నది. 1960 దశకం నుండే పూనా ప్రాంతంలో ఈ మొక్క వలన చర్మవ్యాధులు కలుగుతున్నట్లు వైద్యులు గమనించారు.

ఈ మొక్క చామంతి, బంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినది. దీని ఆకుల మీద, కాండం మీద, పూల మీద సన్నని నూగు ఉంటుంది. ఆ నూగులో పార్థీనిన్ అనే చేదు పదార్థం ఉన్నది. మొక్క ఎండిన తరువాత ఆ నూగు పొడియై గాలిలో తేలుతుంది. కాబట్టి మొక్కను చేత్తో ముట్టుకోకపోయినా, ఆ గాలి తగిలినంత మాత్రాన కొందరికి ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు మొదట దెబ్బ తింటాయి.

కబురు ఎలా బయలుదేరుతుంది?

మన చర్మాన్ని ఒక గ్రామమనుకొందాము. పై పొరలోని సాధారణ కణాలు గ్రామస్థులు. వారి మధ్య అక్కడక్కడ కొమ్మలు చాచిన చెట్ల వంటి కణాలు కాపలా కాస్తుంటాయి. వీటిని 1868లో జర్మనీ దేశంలో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి మొదట చూశాడు. అవి నరాలకు సంబంధించినవని ఆయన భావించాడు. అవి రక్షణ వ్యవస్థకు చెందిన కావలి కణాలని తేలడానికి నూరేళ్లు పట్టింది.

పార్థీనిన్ అణువు చాలా చిన్నది. అంత చిన్న పదార్థాన్ని మన రక్షక కణాలు సాధారణంగా పట్టించుకోవు. కాని అది చర్మంలోకి దిగి, అక్కడి మాంసకృత్తులలో గంధకం ఉన్న చోట గట్టిగా అతుక్కుంటుంది. అలా అతుక్కోవడంతో మన సొంత మాంసకృత్తు రూపమే మారిపోతుంది. మన ఇంటి బిందెకు ఎవరో పరాయి ముద్ర వేసినట్లవుతుంది. చిన్న రసాయనాలు ఇలా ఒంటి మాంసకృత్తులతో జతకూడి రక్షక కణాలను రెచ్చగొట్టగలవని 1935లో కార్ల్ లాండ్‌స్టైనర్, ఆయన సహచరుడు జాకబ్స్ గినీ పందులపై చేసిన ప్రయోగాలలో చూపించారు.

పార్థీనిన్ తగిలిన పై పొర కణాలు నొచ్చుకొని రెండు మూడు రకాల రసాయన కబుర్లు విడుదల చేస్తాయి. వాటిలో ముఖ్యమైనవి ఇంటర్‌ల్యూకిన్-1, ట్యూమర్ నెక్రోసిస్ ఫాక్టర్ అనేవి. పేర్లు పెద్దవైనా అర్థం ఒక్కటే: "ఇక్కడ ఏదో జరిగింది, చూడండి." ఈ కబురు అందిన కావలి కణం ఆ పరాయి ముద్ర పడిన ముక్కను మింగి, తన చోటు వదలి, సన్నని లింఫు నాళాల వెంట ప్రయాణం కట్టి, దగ్గరలోని లింఫు గ్రంథికి చేరుతుంది. చేతికి పుండైనప్పుడు చంకలో బిళ్ల కట్టడం మనకు తెలుసు. ఆ బిళ్లే లింఫు గ్రంథి. అది మన ఒంటి తాలూకా కచ్చేరీ వంటిది.

రెండు సంతకాల నియమం

లింఫు గ్రంథిలో టి కణాలు అనే లింఫోసైట్లు లక్షలాదిగా తిరుగుతుంటాయి. ఒక్కొక్క టి కణం ఒక్కొక్క ఆకారాన్ని మాత్రమే గుర్తించగలదు. కావలి కణం తాను తెచ్చిన ముక్కను తన ఉపరితలంపై పెట్టి చూపిస్తుంది. దానికి సరిపోయే టి కణం దొరికితే మొదటి సంకేతం అందినట్లు.

అయితే అంతమాత్రాన యుద్ధం మొదలు కాదు. మన సంఘాలలో బ్యాంకు చెక్కు చెల్లాలంటే అధ్యక్షుని సంతకం ఒక్కటే చాలదు, కార్యదర్శి సంతకం కూడా ఉండాలి. ఇక్కడా అదే పద్ధతి. కావలి కణం "ఇది నిజంగా ప్రమాదమే" అని రెండవ సంకేతం ఇవ్వాలి. చర్మం నొచ్చుకొని కబురు పంపిన తరువాతనే కావలి కణానికి ఆ రెండవ సంతకం చేసే శక్తి వస్తుంది. ఆ సంతకం లేకుండా మొదటి సంకేతం మాత్రమే అందితే టి కణం మౌనంగా ఉండిపోతుంది. ఆ పైన మూడవ సంకేతంగా మరికొన్ని ఇంటర్‌ల్యూకిన్లు అందుతాయి. ఏ రకమైన పని చేయాలో అవి నిర్ణయిస్తాయి.

సంతకాలన్నీ కుదిరితే ఆ ఒక్క టి కణం వేలాదిగా పెరుగుతుంది. కొన్ని జ్ఞాపక కణాలుగా మారి రక్తంలో, చర్మంలో స్థిరపడతాయి. దీనికి పది పదిహేను రోజులు పడుతుంది. ఈ దశలో మనిషికి ఏ బాధా తెలియదు. చర్మం చూడడానికి మామూలుగానే ఉంటుంది. కాని లోపల రిజిస్టరులో పేరు ఎక్కిపోయింది. కొందరికి ఇది తొలి ఏడాదే జరుగుతుంది, మరికొందరికి ఎన్నో ఏళ్లు ఆ మొక్క మధ్య తిరిగిన తరువాత జరుగుతుంది, చాలామందికి అసలు జరగనే జరగదు. సంవత్సరాల తరబడి ఏమీ కానివాడికి హఠాత్తుగా ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు ఇదే సమాధానం.

రెండవసారి తగిలినప్పుడు

పేరు నమోదయిన మనిషికి మళ్లీ పార్థీనిన్ తగిలితే, ఈసారి లింఫు గ్రంథి దాకా పోవలసిన అవసరం అంతగా ఉండదు. చర్మంలోనే కాపురమున్న జ్ఞాపక టి కణాలు వెంటనే గుర్తుపట్టి ఇంటర్‌ఫెరాన్-గామా, ఇంటర్‌ల్యూకిన్-17 వంటి కబుర్లు విడుదల చేస్తాయి. వాటిని విన్న పై పొర కణాలు మరిన్ని కణాలను రమ్మని పిలిచే రసాయనాలను వెదజల్లుతాయి. సన్నని రక్తనాళాలు వెడల్పయి చర్మం ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది. నాళాల గోడలు వదులై నీరు బయటకు ఊరి వాపు వస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-31 వంటివి నరాలను తట్టి భరించరాని దురద పుట్టిస్తాయి. ఎరుపు, వేడి, వాపు, నొప్పి అనే నాలుగు గుర్తులను రెండు వేల ఏళ్ల నాడే రోము దేశంలో సెల్సస్ రాసిపెట్టాడు. వాటి వెనుక నడిచే ఈ కబుర్ల సంగతి మాత్రం ఇరవయ్యవ శతాబ్దంలోనే తెలియవచ్చినది.

ఇదంతా జరగడానికి 24 నుండి 72 గంటలు పడుతుంది. అందువలన సోమవారం కలుపు తీసిన మనిషికి బుధవారం ముఖం వాస్తే, ఆ రోజు తిన్న వంకాయ కూరనో, కొత్త సబ్బునో అనుమానించడం సహజం. దద్దుర్లు వచ్చిన రోజు కాదు, దానికి రెండు మూడు రోజుల ముందు ఏం చేశామో గుర్తు తెచ్చుకోవాలి. ఈ ఆలస్యపు వాపును మోసుకుపోయేది రక్తపు నీరు కాదనీ, జీవకణాలేననీ 1942లో లాండ్‌స్టైనర్, చేజ్ నిరూపించారు. ఒక గినీ పందిలోని కణాలను మరొకదానికి ఎక్కించగా, ఆ రెండవదానికీ అదే గుణం వచ్చినది.

మన ఒంటిలో పోరాడమనే కబుర్లతో పాటు ఆపమనే కబుర్లు కూడా ఉన్నవి. నియంత్రణ టి కణాలు అనేవి ఇంటర్‌ల్యూకిన్-10 వంటి వాటి ద్వారా మంటను చల్లారుస్తాయి. ఈ కణాలను గురించిన పరిశోధనకే 2025లో బ్రంకో, రామ్స్‌డెల్, సకగూచి అనే ముగ్గురికి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించినది. మొక్క మళ్లీ మళ్లీ తగులుతూనే ఉంటే ఈ చల్లార్చే కణాల పని చాలదు. చర్మం మందమై, నల్లబడి, గేదె తోలులా బీటలు వారుతుంది. మొదట్లో వానాకాలంలోనే కనిపించిన బాధ ఏడాది పొడుగునా ఉండిపోతుంది.

అన్ని దద్దుర్లూ ఒకటి కావు

పాల డబ్బాలు కడిగే సోడా గాఢంగా ఉంటే ఎవరి చేతులైనా మండుతాయి. సున్నం పడినా అంతే. వీటికి జ్ఞాపక కణాలతో పని లేదు. మొదటిసారే, కొద్ది సేపట్లోనే, ముట్టుకున్న చోటనే మంట వస్తుంది. ఇది రాపిడి వంటి దెబ్బ. వయ్యారిభామ వలన వచ్చేది అలర్జీ. కొందరికే వస్తుంది, ఆలస్యంగా వస్తుంది, కొంచెం తగిలినా వస్తుంది. రబ్బరు చేతితొడుగులలోని రసాయనాలు, సిమెంటులోని క్రోమియం, జుట్టు రంగులోని పారాఫినిలీన్ డయమిన్ కూడా ఇదే పద్ధతిలో బాధిస్తాయి. సినిమా పనులపై ఆధారపడిన కుటుంబాలు ఎక్కువగా ఉండే యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ ప్రాంతాలలో జుట్టుకు తరచు రంగు వేసుకొనవలసిన నటునికీ, పొలంలో కలుపు తీసే మన సభ్యునికీ తగిలిన వస్తువు వేరు కాని, చర్మం లోపల నడిచే కథ ఒక్కటే. ఏ వస్తువు వలన వచ్చినదో తేల్చుకొనడానికి చర్మ వైద్యులు వీపుపై అనుమానపు పదార్థాల పట్టీలు అంటించి, రెండు రోజుల తరువాత తీసి, మళ్లీ మరి రెండు రోజులకు చూస్తారు. వయ్యారిభామ పడనివారిలో కొందరికి దాని చుట్టమైన చామంతి కూడా పడదు.

పశువుల సంగతి

ఆకలిగా ఉన్న పశువు కూడా వయ్యారిభామను సాధారణంగా వదిలేస్తుంది. కాని పచ్చిమేత కరువైనప్పుడు, లేదా కోసి తెచ్చిన గడ్డిలో కలిసిపోయినప్పుడు తింటుంది. బెంగుళూరులో గేదెలపై, ఎద్దులపై జరిపిన మేపుడు పరీక్షల ఫలితాలు 1977లో ప్రకటించబడినవి. మేతలో ఈ మొక్క అధికంగా ఉన్న పశువులకు చర్మం పుండ్లు పడి, వెంట్రుకలు రాలి, రంగు పోయి, నోటిలోను, పేగులలోను పుండ్లు ఏర్పడినవి. అనేక పశువులు కొద్ది వారాలలోనే మరణించినవి. ఇక్కడ అలర్జీతో పాటు విషప్రభావం కూడా ఉన్నదని గ్రహించాలి. ఈ మొక్కను తిన్న పశువు పాలలోకి పార్థీనిన్ చేరుతుందని తరువాతి పరీక్షలలో తేలినది. పాలు చేదెక్కితే సంఘం మొత్తానికి నష్టం. కనుక కోసిన మేతను తొట్టిలో వేసే ముందు ఒకసారి విదిలించి చూడడం అలవాటు చేసుకోవాలి.

పశువు ఒంటిపై గుండ్రని గట్టి బొడిపెలు, వాటితో పాటు జ్వరం ఉంటే అది వయ్యారిభామ పని కాదు. ముద్ద చర్మ వ్యాధిని అనుమానించి పశువైద్యాధికారికి వెంటనే తెలపాలి. 2019లో ఒడిశాలో తొలిసారి మన దేశంలో బయటపడి, 2022లో గుజరాత్, రాజస్థాన్ రాష్ట్రాలలో విపరీతంగా పశువులను బలిగొన్న జబ్బు ఇది. దీని వైరస్ ఈ కబుర్ల వ్యవస్థనే మోసగిస్తుంది. చల్లార్చే ఇంటర్‌ల్యూకిన్-10ను పోలిన మాంసకృత్తును తయారుచేసే జన్యువు, పోరాట కబుర్లను మధ్యలోనే పట్టి ఆపే మాంసకృత్తుల జన్యువులు దానిలో ఉన్నవి. దొంగే కావలివాని ఈల సంపాదించి "అంతా క్షేమం" అని ఊదినట్లు. ముందుగా టీకా వేయించిన పశువులో జ్ఞాపక కణాలు సిద్ధంగా ఉంటాయి కాబట్టి ఈ మోసం అంతగా సాగదు. మనిషిని బాధించే జ్ఞాపకమూ, పశువును కాపాడే జ్ఞాపకమూ ఒకే యంత్రాంగం చేసే పనులు.

మందులు - జాగ్రత్తలు

స్టీరాయిడ్ మందులు ఈ కబుర్లను మూలంలోనే ఆపుతాయి. అందుకే పూసిన ఒకటి రెండు రోజులకే ఎంతో హాయి అనిపిస్తుంది. కాని మొక్క తగులుతున్నంత కాలం, మందు ఆపగానే బాధ తిరిగి వస్తుంది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొని నెలల తరబడి ముఖానికి పూస్తే చర్మం పలుచబడుతుంది. మాత్రలు, సూదిమందు సొంతంగా వాడితే చక్కెర వ్యాధి, ఎముకల బలహీనత, అంటురోగాలు పైబడతాయి. చూడి పశువుకు ఈ మందు ఇష్టం వచ్చినట్లు ఇప్పిస్తే ఈసుకుపోయే ప్రమాదం కలదు. ఈ రెండు సందర్భాలలోను వైద్యుని సలహా తప్పనిసరి.

ముదిరిన రోగులకు టి కణాల పెరుగుదలను తగ్గించే అజాతయోప్రిన్, మెథోట్రెక్సేట్ వంటి మందులను వైద్యులు ఇస్తారు. ఇందులో మెథోట్రెక్సేట్‌కు మన తెలుగుగడ్డతో బంధుత్వం ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహించిన రోజులలో, ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే మందుల వర్గం అక్కడ రూపొందినది. మొదట రక్తపు కేన్సరుకు వాడిన ఆ వర్గపు మందు సోరియాసిస్ అనే చర్మవ్యాధిని కూడా తగ్గిస్తుందని 1951లో గమనించారు. ఆయన 1948లోనే కన్నుమూశారు. చర్మవ్యాధులకు మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కసారి మాత్రమే ఇస్తారు. పొరపాటున రోజూ మింగితే ప్రాణానికే ముప్పు. ఇటువంటి మందు ఇంట్లో ఉంటే ఆ రోజును క్యాలెండరుపై గుర్తు పెట్టి ఉంచాలి.

సభ్య సంఘాలు చేయవలసినవి

1. వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, పూత రాకముందే మొక్కను వేళ్లతో సహా పీకాలి. పూసిన తరువాత పీకితే విత్తనాలను మనమే చల్లినట్లు అవుతుంది. పూయని మొక్కలను గోతిలో వేసి కంపోస్టు చేసుకోవచ్చును.

2. పీకేవారు పొడుగు చేతుల చొక్కా, చేతితొడుగులు ధరించి, ముఖానికి గుడ్డ కట్టుకోవాలి. పని కాగానే స్నానం చేసి, ఆ బట్టలను విడిగా ఉతకాలి. ఇదివరకే దద్దుర్లు వచ్చినవారిని ఈ పనికి పిలవరాదు. ఎండిన మొక్కల దుమ్ము లేచే చోట వారు ఉండరాదు.

3. పంట లేని చోట లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి మొక్కపై పిచికారీ చేయవచ్చును. సాగు భూమిలో ఈ పని చేయరాదు. ఖాళీ స్థలాలలో తంగేడు పెంచితే అది వయ్యారిభామను అణచివేస్తుంది. మెక్సికో నుండి తెప్పించి 1984లో బెంగుళూరులో విడిచిన పెంకు పురుగు వానాకాలంలో ఈ మొక్క ఆకులను తింటుంది. అది కనిపించిన చోట దానిని చంపవద్దు.

4. ప్రతి ఏటా ఆగస్టు 16 నుండి 22 వరకు దేశమంతటా పార్థీనియం అవగాహన వారం జరుగుతుంది. ఆ వారంలో సంఘం ఆవరణ, పశువుల బాట, పాల కేంద్రం చుట్టుపక్కల స్థలం శుభ్రం చేసే కార్యక్రమం పెట్టుకోవలసినదిగా కోరుతున్నాము.

చివరిగా ఒక ముఖ్య విషయం. వయ్యారిభామ దద్దురులో సూక్ష్మక్రిమి లేదు. ఉన్నది ఆ మనిషి సొంత కణాల జ్ఞాపకం. జ్ఞాపకం ఒకరి నుండి మరొకరికి అంటదు. కనుక ముఖం నల్లబడినదని, చేతులు బీటలు వారినవని ఏ అక్కనూ, ఏ అన్ననూ పాల కేంద్రం వరుసలో వెనక్కు నెట్టరాదు. ఆ సభ్యురాలి పాలకు కొలతలో, వెన్న శాతంలో, ధరలో ఏ తేడా చూపరాదు. చేతులపై పచ్చి పుండ్లు ఉన్నంత వరకు మాత్రం, పాల శుభ్రత కోసము, ఆ చేతుల క్షేమం కోసము, ఇంట్లో మరొకరు పాలు పితకడం మేలు. ఆమెను చర్మ వైద్యుని వద్దకు పంపించడం, ఆమె ఇంటి చుట్టూ ఉన్న మొక్కలను సంఘం తరఫున పీకించడం సాటి సభ్యులుగా మనం చేయగల సాయం.

సంఘ సమావేశంలో చర్చకు ప్రశ్నలు

1. సోడా మంటకు, వయ్యారిభామ దద్దురుకు తేడాలు ఏమిటి?
2. దద్దురు వచ్చిన రోజు కన్న దానికి రెండు రోజుల ముందు చేసిన పనిని ఎందుకు గుర్తు తెచ్చుకోవాలి?
3. మన గ్రామంలో వయ్యారిభామ ఎక్కువగా ఉన్న మూడు స్థలాలు ఏవి? వచ్చే వానలకు పూత రాకముందే వాటి బాధ్యత ఎవరు తీసుకుంటారు?